ఎర్రగా మోగిన మనిషి

ఆయన పోయిన పొద్దున ఆయన భార్య ఆయన ఫోను తీసుకుని, ఆయన చేసినట్టే చెప్పులు విడిచి వాకిట్లో నిలబడి, తెలిసినవాళ్ళకు ఒక్కొక్కరికే ఫోను చేసింది. ఎవరూ ఎత్తలేదు. ఉదయగిరిలో ఎత్తలేదు. ఆత్మకూరులో ఎత్తలేదు. అనంతసాగరంలో ఉండే ఆయన సొంత తమ్ముడి కొడుకు కూడా ఎత్తలేదు. ఫోను తెర ఎర్రబడి, దాని మీద ‘చావు కబురు, ఎత్తొద్దు’ అని పడుతుంటే ఎవరు మాత్రం ఎత్తుతారు? పాడె మోయడానికి నలుగురు కుదిరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఆ నలుగురిలో ఒకడు ఆ దారిన పోతున్న ఆటో డ్రైవరు. చచ్చిందెవరో అతనికి తెలియను కూడా తెలియదు.

నాది బటన్ ఫోను. దానికి రంగులు లేవు, తెలివి లేదు. ఎవరు చేసినా మోగుతుంది. అందుకని నేను ఎత్తాను.

"అబ్బయ్యా, కూర్చోని ఉండావా?" అంది ఆమె. "మీ మామ పొద్దున్నుంచి మాట్లాడటంల్యా."

ఆ రెండు మాటలూ ఆయనవే. ముప్పై ఏళ్ళు మొగుడి పక్కన ఉండి నేర్చుకున్న మాటలు ఆ పొద్దు మొగుడికే వాడింది. నేను ఆత్మకూరు బస్టాండు పక్కన ప్లాస్టిక్ సామాన్ల అంగడి పెట్టుకుని బతుకుతున్నాను. కథలు చెప్పడం నాకు అలవాటు, రాయడం కాదు. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఒళ్ళు మండి రాస్తున్నాను.

చుట్టం కాకపోయినా నేను మామ అని పిలిచే ఆయన పని చావు కబుర్లు చెప్పడం. జీతమిచ్చి ఎవరూ పెట్టిన పని కాదది. వాళ్ళ నాయన నుంచి వచ్చింది. ఆ నాయన ఉదయగిరి చుట్టుపక్కల ఊళ్ళన్నీ కాలినడకన తిరిగి, ఎవరు పోయినా ఎవరెవరికి చెప్పాలో వాళ్ళందరికీ చెప్పి వచ్చేవాడట. ఏ ఇంట్లోనూ ఆయనను గడప తొక్కనిచ్చేవారు కాదు. చెప్పులు దూరంగా విడిచి, వాకిలి అవతల నిలబడి చెప్పి వెళ్ళాలి. కొడుకు కాలానికి ఫోన్లు వచ్చాయి. నడక తప్పింది గానీ పని తప్పలేదు. పగలు కూలికి పోయేవాడు. ఎవరింట్లోనైనా ఎవరైనా పోతే, ఏడ్చేవాళ్ళకు ఏడవడానికే చాలదు కదా, "ఆయనకు చెప్పండిరా, ఆయన చూసుకుంటాడు" అనేవాళ్ళు. ఆయన చూసుకునేవాడు.

ఫోను చేసే ముందు చెప్పులు విడిచేవాడు. ఆయన ఉదయగిరి నుంచి వచ్చిపోయే మా బస్టాండులో ఎండాకాలం సిమెంటు నేల పెనంలా కాలుతుంటుంది. దాని మీద వట్టికాళ్ళతో నిలబడి, ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుతూ, గొంతు మాత్రం వణక్కుండా మాట్లాడేవాడు.

"ఏంది మామా, ఫోనుక్కూడా చెప్పులిప్పాల్నా? వాళ్ళకు కనపడతాయా నీ కాళ్ళు?" అన్నాను ఒకసారి.

"ఒకరి వాకిట్లో నిలబడినట్టే గదబ్బయ్యా," అన్నాడు.

మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "కూర్చోని ఉండావా, నిలబడి ఉండావా?" నిలబడి ఉన్నామంటే కూర్చోమనేవాడు. అన్నం తింటున్నామంటే, "ఏం లేదులే నాయనా, తిన్నాక చేస్తా" అని పెట్టేసేవాడు. వాళ్ళు చెయ్యి కడుక్కునేదాకా ఇంకొకరికి చేసేవాడు కాదు. చచ్చిపోయాడు అన్న మాట ఆయన నోట నేనెన్నడూ వినలేదు. మాట్లాడటం లేదు, పలకటం లేదు, లేవలేదు, ఇవే ఆయన మాటలు. సాయిబుల ఇళ్ళకైతే ముందు సలాం చెప్పి, వాళ్ళ పెద్దల క్షేమం అడిగి, వచ్చీరాని ఉర్దూలో మెల్లగా కబురు దించేవాడు. ఆ గొంతు ఎంత మెత్తనిదంటే, కలువాయిలో ఒకాయనకు మేనమామ పోయాడని చెబితే, ఆయన "చాలా సంతోషం, కుటుంబంతో సహా వస్తాం" అన్నాడని నేను అంగట్లో కథ కట్టి చెప్పేవాడిని. అది పచ్చి అబద్ధం. కానీ ఆ గొంతు విన్నవాళ్ళెవరూ అబద్ధమని అనలేదు.

ఇక్కడ మా పక్క పద్ధతి ఒకటి చెప్పాలి. దూరాన ఉన్న చుట్టం పోతే మైల చావుతో రాదు, చెవిన పడ్డాక వస్తుంది. చెవిన పడకపోతే చేతిలో ఉన్న పెళ్ళి చేసుకోవచ్చు, గృహప్రవేశం చేసుకోవచ్చు, మాల వేసుకుని ఉంటే ఆ మాల అట్లాగే ఉంచుకోవచ్చు. అందుకే ఆయన ఎవరికైనా ఫోను చేసే ముందు పక్కింటివాళ్ళను విచారించేవాడు. "వాళ్ళింట్లో శుభకార్యం ఏదన్నా పెట్టుకోనుండారా?" పెట్టుకున్నారని తెలిస్తే పని అయిపోయేదాకా నోరు తెరిచేవాడు కాదు. వాళ్ళ నాయన కూడా పెళ్ళి పందిరి కనిపిస్తే తాళి కట్టేదాకా ఊరి బయట చెట్టు కింద కూర్చునేవాడట. తండ్రీకొడుకులు ఇద్దరూ కలిసి ఒక్క పెళ్ళిని కూడా ఆపి ఎరగరు.

అయినా మనవాళ్ళకు భయం. ఆయన నంబరు కనిపిస్తే గుండె ఆగేది. సరిగ్గా అప్పుడే ఆ యాప్ వచ్చింది.

ఫోను చేసేది ఎవరో ఎత్తకముందే పేరు చెప్పే యాప్. మా ఆత్మకూరులో దాని పేరు చెప్పకుండా ఆర్నెల్లు ఎవరూ టీ తాగలేదు. నేనూ ఊరుకోలేదు. ఆ యాప్ ఉన్న ఫోను ఉదయగిరి దుర్గం ఎక్కి తెరిస్తే కొండ మీద కోతులకు కూడా పేర్లు చూపిస్తోందని చెప్పాను. ఇద్దరు నిజంగానే కొండెక్కి, ఒక ఫోను కోతులకు సమర్పించుకుని దిగారు. కానీ నాకు నవ్వొచ్చింది అంతవరకే. ఆ యాప్ పద్ధతి ఏమిటంటే, పదిమంది తమ ఫోన్లలో ఒక మనిషిని ఏ పేరుతో దాచుకుంటే, ఆ పేరే లోకానికంతా చూపిస్తుంది. ఎక్కువమంది వద్దన్న నంబరుకు ఎర్రరంగు పూస్తుంది. ఎర్రరంగు నంబర్లు మోగకుండానే కోసేయమంటే కోసేస్తుంది.

బాగానే ఉంది కదా అంటారు. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానని మా పక్క అంగడాయన ఖాతా ఊడ్చుకుపోయిన దొంగ నంబరు ఆ యాప్‌లో ‘కస్టమర్ కేర్’ అని నీటుగా, నీలంగా కనిపించింది. ఎత్తాడు, మునిగాడు. మా మామ మాత్రం ఎర్రగా కనిపించాడు. జన్మలో ఒకరి గింజ ముట్టుకోని మనిషి ఎర్ర. ఊడ్చుకుపోయినవాడు నీలం. ఇదీ దాని తెలివి. దాని తెలివి కాదు, మనదే. అది మన ఫోన్లలో ఉన్నదాన్నే మనకు చూపించింది.

ఆ రంగు ఆయనకు చూపించింది మా ఎదుటి సెల్లు అంగడాయన. "నీ ఫోను నుంచి నాకు ఒక రింగియ్యన్నా, తమాషా చూపిస్తా" అన్నాడు. ఆయన ఇచ్చాడు. తెర ఎర్రబడింది. ‘చావు కబురు, ఎత్తొద్దు’.

ఆయనకు చదువు అంతంత మాత్రం. కూడబలుక్కుని చదువుకున్నాడు.

"ఈ ఎరుపేంది?"

"అక్కర్లేని వాళ్ళని అర్థం," అన్నాడు సెల్లు అంగడాయన, నవ్వు ఆపుకుంటూ. "నువ్వు కావాలంటే నీ సొంత పేరు పెట్టుకోవచ్చన్నా. నేను మార్చిస్తా."

ఆయన తన ఫోను జేబులో పెట్టుకున్నాడు. "వొద్దులే," అన్నాడు. "నా పేరు చూసి ఏందో అనుకొని ఎత్తి, గబుక్కున వింటే తట్టుకోలేరు. ఇట్టయితే ఎత్తకముందే కూర్చుంటారు."

"కూర్చోరు మామా. అసలు ఎత్తరు," అన్నాను.

"ఎత్తకపోతే నేనే బొయ్యి చెప్పొస్తా. బస్సులుండాయి గదా. మా నాయనకు బస్సులు కూడా ల్యా."

"నీకు కోపం రాదా?"

"మా నాయనకు ఇంతకంటే కానిపేర్లు పెట్టినార్లే అబ్బయ్యా. ఇదే నయం, పేరుకు పేరూ ఉండాది, పనికి పనీ ఉండాది."

ఆ మంచితనం చూస్తే నాకు కడుపు మండిపోయేది. మనిషన్నాక ఎక్కడో ఒకచోట ఛీ అనాలి. ఈయన అనడు. ఆయన అనాల్సిన ఛీలన్నీ నా గొంతులో పేరుకుపోయాయి.

ఇక అవ్వ సంగతి.

ఉదయగిరిలో మా పాత ఇల్లున్న వీధిలో ఒక అవ్వ ఒంటరిగా ఉండేది. ఒక్కగానొక్క కూతురు నెల్లూరులో కాపురం. అక్కడ కొత్త ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశం పొద్దున పెట్టుకుని, అల్లుడు అవ్వను మాత్రం సాయంత్రం రమ్మన్నాడు. మొగుడు పోయిన మనిషి పాలు పొంగేచోట ఉండకూడదట. అవ్వ దానికీ సరే అంది. సాయంత్రం బస్సుకు పోతూ కూతురికి ఇద్దామని, ఆ పొద్దున్నే స్టూలెక్కి అటక మీది ఇత్తడి బిందె దించబోయి వెల్లకిలా పడింది. రొంటిన ఉన్న ఫోను ఆమె కిందే పడి నలిగిపోయింది. ఆ వీధిన కూలికి పోతున్న మామ మూలుగు విని కేకలు వేశాడు. లోపలికి పోయి ఎత్తింది పక్కింటివాళ్ళు. ఆంబులెన్సులో ఆమె పక్కన కూర్చుని వచ్చింది మాత్రం మామ. ఉదయగిరిలో చూసి ఆత్మకూరు పంపారు. నాకు కబురు పెడితే అంగడి మూసి ఆసుపత్రికి పరుగెత్తాను.

డాక్టరు మమ్మల్ని వరండాలోకి పిలిచి చెప్పాడు. "కదిలిస్తే దారిలోనే పోతుంది. తెలివిలో ఉంది, బిడ్డ కావాలంటోంది. రావలసినవాళ్ళను రమ్మనండి."

కూతురి నంబరు అవ్వే నోటితో చెప్పింది. మామ వరండాలో నిలబడి చేశాడు. కాళ్ళకు చెప్పులు అట్లాగే ఉన్నాయి.

"చెప్పులు మర్చిపోయినావు మామా," అన్నాను.

"ఇది ఆ కబురు కాదు గదబ్బయ్యా. అవ్వ బతికే ఉండాది," అన్నాడు. ఆ ముఖంలో ఒక వెలుగు చూశాను. ఆయన జన్మలో మొదటిసారి, పలుకుతున్న మనిషి గురించి ఫోను చేస్తున్నాడు.

అవతల మోగను కూడా మోగలేదు. మళ్ళీ చేశాడు. మళ్ళీ. నా బటన్ ఫోనుతో నేను చేశాను. అదీ అంతే. ఎర్ర నంబర్లే కాదు, తెలియని నంబర్లు ఏవీ మోగకుండా ఆ ఫోనుకు తాళం వేసి ఉంది. లోపలినుంచి అవ్వ "వస్తా ఉండాదా?" అని అడుగుతోంది.

"నేను బొయ్యి పిల్చుకోనొస్తా," అన్నాడు మామ. "నువ్వు అవ్వ దగ్గర కూచో. నీకు కథలొచ్చు గదా, ఏదో ఒకటి చెప్తా ఉండు."

చెప్పాను. ఇంత బతుకులో నేను అంత కష్టపడి కథ చెప్పింది లేదు. ఆయన బస్సెక్కిన గంటకే నా కథలో కూతురు నెల్లూరులో బస్సెక్కేసింది. బుచ్చి దగ్గర టైరు పంచరు. కండక్టరు ఆ టైరు మీద తన పొట్ట పెట్టి గాలి ఆపాడు. సంగం దగ్గర గొర్రెల మంద అడ్డం వచ్చింది. ఒక్కో గొర్రె డ్రైవరుకు దండం పెట్టి మరీ దాటుతోంది.

"అబద్దాలోడా," అంది అవ్వ. పెదవులు నవ్వాయి. "గొర్రెలు దండం పెడతాయంట్రా?"

"సంగం గొర్రెలవ్వా. సంస్కారం ఉండే గొర్రెలు."

"చెప్పు, చెప్పు. దాటినాయా?"

దాటించాను. నిజం బస్సు ఎక్కడుందో నాకు తెలియదు. అవ్వ ఊపిరి తగ్గేకొద్దీ నా బస్సు వేగం పెంచాల్సి వచ్చింది. ఆత్మకూరు బస్టాండులోకి తిప్పాను. కూతుర్ని దించాను. ఆటో ఎక్కించాను. "ఆసుపత్రి గేటు దాటిందవ్వా. ఇదో, మెట్లెక్కతా ఉండాది," అన్నాను.

అవ్వ తలుపు వైపు తల తిప్పింది. తిప్పిన తల తిప్పినట్టే ఉండిపోయింది.

నెల్లూరులో జరిగింది ఆ సాయంత్రం మామ తిరిగొచ్చి, వరండా మెట్ల మీద కూర్చుని చెప్పాడు. నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు.

కొత్తింటి గేటు దగ్గరికి వెళ్ళేసరికి లోపల మంత్రాలు చదువుతున్నారు. పోతూనే ఈయన గేటు బయట చెప్పులు విడిచాడు. విడవకూడదని తెలుసు. ఆసుపత్రిలో గుర్తుంది. కానీ గడప కనిపించగానే కాళ్ళకు మాత్రం గుర్తులేదు. అల్లుడు అది చూశాడు. ఈయన ముఖం మా వైపు వాళ్ళందరికీ తెలుసు, ఆ విడిచిన చెప్పులకు అర్థమూ తెలుసు. ఉరుకుతూ వచ్చి గేటు మూసి పట్టుకున్నాడు.

"నోరు తెరవొద్దు. దండం పెడతా, ఈ పొద్దు మాత్రం నోరు తెరవొద్దు. ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఎర్ర నంబర్లు మోగకుండా పెట్టినానే! మనిషే వస్తివా?"

"అట్టాంటిది ఏమీ ల్యా సామీ. అవ్వ బతికే ఉండాది. బిడ్డను చూడాలంటా ఉండాది."

"నీ నోట బతికుండే కబురు ఎప్పుడన్నా వచ్చిందా? చెప్పులిప్పినావంటే ఎవరో పోయినట్టే. పని కానియ్యి, భోజనాలైనాక నేనే చెప్తా. నువ్వు పో."

ఈయన పోలేదు. రోడ్డుకు అవతలి పక్క ఎండలో నిలబడ్డాడు. ఒక్కసారి ఆ అమ్మాయి గుమ్మం దాకా వచ్చి, ఎవరికో పూలు ఇచ్చి, లోపలికి వెళ్ళిందట. అరిస్తే వినపడే దూరం. అప్పుడే నా ఫోను వెళ్ళింది. అవ్వ పోయిందని నేను చెప్పాను. ఆ క్షణం నుంచి ఆయన దగ్గరున్నది వేరే కబురు. పందిరి ఉన్న ఇంట్లోకి ఆయన వంశంలో ఎవరూ మోసుకుపోని కబురు. గేటు దగ్గర అల్లుడికి ఒక్కడికే మెల్లగా చెప్పి, చెప్పులు తొడుక్కుని బస్సెక్కాడు.

"నేను ఫోను చెయ్యకముందు అరిచి ఉంటే ఏం పోయింది నీకు?" అని నేను అరిచాను. "గేటు తోసుకోని పొయ్యుంటే? కొట్టుంటారా? కొడితే కొట్టనీ!"

"కాళ్ళు పోలా అబ్బయ్యా," అన్నాడు. "పోదామనే చూసినా. పోలా."

ఆ కాళ్ళను అట్లా తయారుచేసింది ఎవరో నాకు తెలుసు. మా తాతలు కూడా అందులో ఉండే ఉంటారు. నాయనను గడప బయట నిలబెట్టారు. కొడుకును మనం తెర బయట నిలబెట్టాం. మధ్యలో ఇన్ని సెల్లు టవర్లు లేచాయి, ఆయన మాత్రం అక్కడే ఉన్నాడు.

మర్నాడు ఉదయగిరిలో అవ్వను ఎత్తే ముందు, ఆ అమ్మాయి అందరి ముందూ మామ చొక్కా పట్టుకుంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ఊరందరికీ చేస్తావే ఫోను! నాకు చెయ్యలేకపోయినావా? అమ్మ బతికుండంగా ఒక్క మాట చెప్పుంటే పాలగిన్నె పొయ్యి మీదనే వొదిలేసి రానా నేను? రానా చెప్పు!"

ఆమె ఫోనులో మోగిన గుర్తు లేదు. ఆ యాప్ అంత శుభ్రంగా కోసేసింది. గేటు దగ్గరికి మనిషి వచ్చాడని ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. అల్లుడు ఒక పక్కన గోడకు ఆనుకుని ఫోను చూసుకుంటున్నాడు. ఆ ఫోనులో ఏమీ లేదు, తెర నల్లగా ఉంది. నేను చూశాను.

మామ కూడా ఒకసారి అటు చూసి, తల దించుకున్నాడు.

"మర్చిపోయినాను పాపా," అన్నాడు. "హడావిడిలో మర్చిపోయినా."

నేను నోరు తెరవబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. కూలి చేసే చెయ్యి అది. ఎముక చిట్లుతుందేమో అన్నంత గట్టిగా పట్టుకున్నాడు. ఆ అమ్మాయి ఆయన చొక్కా వదిలి, మొగుడి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. మొగుడు వీపు నిమిరాడు. ఆ నిమరడం చూడలేక నేను పాడె వైపు తిరిగాను.

దహనం అయ్యాక బస్టాండు దగ్గర ఆయనను పట్టుకుని తిట్టాను. ఆయన వయసు కూడా చూడలేదు. నోటికి ఎంత వస్తే అంత తిట్టాను. విన్నాడు.

"అయిపోయిందా?" అన్నాడు. "చెప్తే ఏమైతాది? వాళ్ళమ్మ ఎట్టా రాదు. మొగుడు కూడా కాకుండా పోతాడు. రేపటినుంచి ఆ ఇంట్లోనే గదా ఆయమ్మ ఉండాల. నేనైతే ఎవర్ని? నన్ను తిట్టుకుంటే దానికేమీ నష్టం ల్యా."

"నీకు లేదా నష్టం?"

"నాకెట్టాగూ ఎర్రరంగే గదా," అని నవ్వాడు.

నష్టం ఉంది. ఉంటుందని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. చావు కబురు మర్చిపోయిన మనిషికి ఎవరు చావు అప్పగిస్తారు? ఒక్కొక్క ఇల్లూ మానేసింది. "ముసలోడికి మతి పోయింది, పిల్లకు తల్లి ఆఖరు చూపు లేకుండా చేసినాడు" అని జలదంకి దాకా పాకింది. ఆయన మధ్యమధ్య మా అంగడికి వచ్చి కూర్చునేవాడు. ఫోను చొక్కా జేబులో ఉండేది. మోగేది కాదు. అది మోగినప్పుడల్లా భయపడే ఊరు, అది మోగకపోతే కూడా నిశ్చింతగానే ఉంది. ఒక సంగతి మాత్రం కనిపెట్టాను. ఎవరైనా పోయారని నా అంగట్లో వినిపిస్తే, ఎవరూ అడక్కపోయినా, ఆయన పాదాలు నెమ్మదిగా చెప్పుల్లోంచి బయటికి వచ్చేవి. కాసేపు అట్లా వట్టికాళ్ళతో కూర్చుని, మళ్ళీ తొడుక్కునేవాడు.

అవ్వ సంవత్సరీకం రావడానికి కొన్నాళ్ళ ముందే ఆయన పోయాడు. ఎట్లా పోయాడో, ఎవరెవరు రాలేదో పైన రాశాను.

సంవత్సరీకానికి ఆ అమ్మాయి, మొగుడు ఉదయగిరి పోతూ ఆత్మకూరులో ఆగారు. పంచిపెట్టడానికి ప్లాస్టిక్ డబ్బాలు కావాలని నా అంగడికే వచ్చింది. మొగుడు కారు ఆపి, వెనకాలే వచ్చి నిలబడ్డాడు. ఒళ్ళు చేశాడు.

డబ్బాలు ఏరుతూ ఏరుతూ ఆమె అంది, "ఆయన పోయినాడంట గదా."

"పోయినాడమ్మా."

"నాకు మోగలా. పక్కింటాయన చెప్పినాడు." డబ్బా మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసింది. "నిజం చెప్పన్నా. ఆ పొద్దు నువ్వు ఆసుపత్రిలో అమ్మ దగ్గరే ఉండావు గదా. ఆయన నాకు ఫోను చేసినాడా, చెయ్యలేదా? అంతమందికి చెప్పే మనిషి నన్ను మర్చిపోయినాడంటే ఏడాదిగా నాకు నమ్మకం రాటంల్యా. రాత్రిళ్ళు లేచి కూర్చుంటా ఉండాను. ఒక్క మాట చెప్పు. ఏదైనా సరే, తట్టుకుంటా."

ఆమె వెనక మొగుడు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఒక చెయ్యి స్టీలు ర్యాకును పట్టుకుంది. నేను ఏది చెబితే అది ఈ అంగట్లోనే తేలిపోతుంది, వాడికి తెలుసు. నా నాలుక చివర అంతా వచ్చి నిలబడింది. వరండా, మూడుసార్లు చేసిన ఫోను, గేటు, ఎండలో నిలబడ్డ ముసలి మనిషి, ఆయన మీద వేసిన మాటలు. చెబితే ఆయన పేరు కడిగినట్టవుతుంది. పోయిన మనిషికి నేను చేయగలిగింది అదొక్కటే. వీడి కొంప కూలితే నాకేమిటి?

నాకేమీ లేదు. ఆయనకు ఉండేది. ఆ కాపురం కోసమే ఊరంతా తిట్టినా తల దించుకుని ఏడాది దగ్గరదాకా బతికి పోయాడు. దాన్ని పగలగొట్టడానికి నేనెవడిని?

"చెయ్యలేదమ్మా," అన్నాను. "మర్చిపోయినాడు. పెద్దాయన గదా."

ఆమె డబ్బా మూత గట్టిగా నొక్కి మూసింది. తల ఊపింది. "సర్లే," అంది. డబ్బాల సంచి కౌంటరు మీద పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ కారు వైపు వెళ్ళిపోయింది.

సంచి తీసుకోవడానికి మొగుడు ముందుకు వచ్చాడు. నా కళ్ళల్లోకి చూడాలని చూసి, చూడలేక, సంచి ఎత్తుకున్నాడు.

"వస్తామన్నా," అన్నాడు.

"రావొద్దు," అన్నాను.